యాభై ఆరేళ్ల వయసులో రాత్రి షిఫ్టు

సమస్య

పటాన్‌చెరు ప్రాంతంలోని ఒక మందుల కర్మాగారంలో బాయిలర్ ఆపరేటరుగా పనిచేస్తున్న 56 ఏళ్ల ఉద్యోగి రాసిన ఉత్తరం సారాంశమిది. ఒక వారం రాత్రి, మరుసటి వారం మధ్యాహ్నం, ఆపై వారం ఉదయం, ఇలా మారే షిఫ్టుల్లో ఆయన ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. రాత్రి డ్యూటీ దిగి పడుకుంటే మూడు గంటలకే మెలకువ వస్తోందని, టీ మీద టీ తాగినా గేజి ముందు కునుకు పడుతోందని, ఆ భయంతో సెలవు రోజున కూడా కంటికి నిద్ర రావడం లేదని ఆయన వాపోయారు. చిన్నకూతురి పెళ్లి కాకముందే ఉద్యోగం వదులుకోవలసి వస్తుందేమోనన్నది ఆయన దిగులు.

సలహా

దీనిని ఆయన తన అశక్తతగా ఎంచనవసరం లేదు. వెలుతురు చీకట్లను అనుసరించి సుమారు 24 గంటలకొకసారి ఆవృత్తమయ్యే దేహలయను జీవగడియారం అంటారు. అది పగటినిద్రకు సహకరించదు, పైగా వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది కనుక, పాతికేళ్లప్పుడు ఓర్చుకున్న రాత్రి డ్యూటీ యాభై దాటాక భారం కావడం సహజం. 1980ల్లో ఫిన్లాండులో యుహాని ఇల్మరినెన్ బృందం పురపాలక ఉద్యోగులను దీర్ఘకాలం పరిశీలించి వివరించిన పనిసామర్థ్యం ఒంటిబలం ఒక్కటే కాదు, మనిషి శక్తికీ పని కోరేదానికీ నడుమ ఉండే పొంతన. ఆ పొంతన చెడినప్పుడు మనిషినే కాక పనిని కూడా సవరించాలి.

అందువల్ల ఆయన తోటి కార్మికులతో కలిసి యాజమాన్యాన్ని మొదట అడగవలసింది షిఫ్టుల వరుస మార్పు. ఉదయం తర్వాత మధ్యాహ్నం, ఆపై రాత్రి వచ్చేలా తిప్పితే దేహానికి తేలిక, ఎందుకంటే నిద్రవేళను ముందుకు జరుపుకోవడం కంటే ఆలస్యం చేసుకోవడమే దానికి సులువు. బాయిలర్ దగ్గర కునుకు ప్రాణాంతకం కనుక ఆ సంగతి సూపర్‌వైజరుకు ఈ రోజే చెప్పాలి. తాగిన టీలోని కెఫీన్‌లో దాదాపు సగం అయిదు గంటల తర్వాత కూడా రక్తంలో ఉంటుంది. అర్ధరాత్రి దాటాక టీ మానడం, డ్యూటీకి ముందు అరగంట కునుకు తీయడం, పడకగదిని చీకటిగా ఉంచడం మేలు చేస్తాయి. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవారు గమనిస్తే, స్లీప్ ఆప్నియా అనే ఆ జబ్బుకు పరీక్ష తప్పనిసరి. డాక్టరు చెప్పనిదే నిద్రమాత్రలు వేసుకోరాదు. ఇవేవీ ఫలించకపోతే, రాత్రి భత్యం పోయినా సరే, కర్మాగారం డాక్టరు సిఫార్సుతో పగటి డ్యూటీ కోరడానికి ఆయన వెనుకాడకూడదు.