తాతయ్యగారి లెన్స్ బాగుందా, పాడైందా? మామిడి తోటలో ఒక సైన్స్ పాఠం



మామిడికాయ ఎంచడం నూజివీడు పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పైన పసుపు రంగు చూసి మోసపోకూడదని వాళ్లకు తెలుసు. కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయకు రంగు వస్తుంది కానీ లోపల పులుపు పోదు. ఆరోగ్యానికి హాని కాబట్టి కార్బైడ్ వాడకాన్ని మన దేశంలో నిషేధించారు కూడా. మనం ముచ్చిక దగ్గర వాసన చూస్తాం, ఒక కాయ కోసి రుచి చూస్తాం, ఆ తర్వాతే బేరం. పేరును బట్టి, రంగును బట్టి కాకుండా పరీక్షించి తీర్పు చెప్పడం సైన్స్‌లోనూ మొదటి పాఠమే. ఈ నెల ఆ పాఠాన్ని ఒక పాత కెమెరా లెన్స్‌తో చెప్పుకుందాం.

పోయిన ఏడాది వేసవి సెలవులకు ముందు మా తొమ్మిదో తరగతి అమ్మాయి తోలు సంచిలో ఒక 28 ఎంఎం వైడ్ యాంగిల్ లెన్స్ తెచ్చింది. వాళ్ల తాతయ్య ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవారు. ఇరుకు పందిట్లో రెండు వైపుల చుట్టాలూ ఒకే ఫోటోలో పట్టాలంటే ఆ లెన్సే దిక్కు. ఈమధ్య బంధువు ఒకరు చూసి, "పాత లెన్సులకు మూలలన్నీ మసకే, పారేయండి" అన్నారట. ఇంకొకరేమో, "పాతవే అసలు లెన్సులు, ఇప్పటివాటికి ఆ పనితనం ఎక్కడిది" అన్నారట. మొదటి మాట విన్న దగ్గర్నుంచి తాతయ్య ఆ సంచి ముట్టుకోలేదు. "ఏది నిజం సార్?" అని అమ్మాయి అడిగింది. "నాకూ తెలియదమ్మా, చూద్దాం" అన్నాను.

మూలలే ఎందుకు మసకబారతాయి?

పాత ఫిల్మ్ కెమెరాలో ఒక ఫోటో పట్టే చోటు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. మూల నుంచి మూలకు కొలిస్తే సుమారు 43 మి.మీ. లెన్స్ నాభ్యంతరం 50 మి.మీ. అయితే అది మూల నుంచి మూలకు 47 డిగ్రీల లోపు మేరను చూస్తుంది. 28 మి.మీ. లెన్స్ సుమారు 75 డిగ్రీలు చూస్తుంది. 35 మి.మీ., అంతకంటే తక్కువ నాభ్యంతరం ఉన్నవాటిని వైడ్ యాంగిల్ అంటారు.

పాఠ్యపుస్తకంలో కటకం బొమ్మ గీసేటప్పుడు ప్రధానాక్షానికి దగ్గరగా వచ్చే కిరణాలనే తీసుకుంటాం. అవన్నీ బుద్ధిగా ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. వైడ్ యాంగిల్‌లో మూలకు చేరే కిరణం 37 డిగ్రీలకు పైగా ఏటవాలుగా వస్తుంది. అంత వాలు కిరణాలను ఒక్క చోట కలపడం కష్టం. అందుకే ఏ లెన్స్‌కైనా మధ్యభాగం సాధారణంగా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష అంచుల్లోనే.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఆ కాలపు ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య ఒక అద్దం పైకీ కిందికీ కదిలేది. దానికి చోటు వదలాలంటే లెన్స్‌ను ఫిల్మ్‌కు 45 మి.మీ. దూరం దాకా జరపాలి. 28 మి.మీ. నాభ్యంతరం ఉన్న మామూలు కటకాన్ని అంత దూరంలో పెడితే బొమ్మ ఫిల్మ్ మీద పడదు. అందుకని ముందు పుటాకార కటకాలు, వెనక కుంభాకార కటకాలు పెట్టి ఉపాయం చేశారు. ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెన్యూ సంస్థ 1950లో ఇలాంటి 35 మి.మీ. లెన్స్‌ను 'రెట్రోఫోకస్' పేరుతో తెచ్చింది. ఆ పేరే తర్వాత ఈ రకం లెన్సులన్నిటికీ వాడుకలోకి వచ్చింది.

ఉపాయం బాగుంది కానీ గాజు ముక్కలు పెరిగాయి. గాలి, గాజు కలిసే ప్రతి ఉపరితలం దగ్గర కాంతిలో సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. విడివిడిగా ఏడు ముక్కలుంటే ఉపరితలాలు 14. పూత ఏమీ లేకపోతే ఫిల్మ్‌కు నేరుగా చేరేది 56 శాతమే. మిగతాదాంట్లో కొంత లోపలే అటూ ఇటూ తిరిగి ఫోటో మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా పలుచని పూతతో ఈ నష్టాన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టారు. 1971లో జపాన్‌కు చెందిన అసాహి సంస్థ తన టకుమార్ లెన్సులకు అనేక పొరల పూత వేసి అమ్మింది. కాబట్టి పాత లెన్స్ ఎండకు ఎదురుగా వెలవెలబోతే దానికి కారణం ఎప్పుడూ దుమ్మే కానక్కర్లేదు.

ముందు గాజు చూడాలి

చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చిని లెన్స్ ఒక వైపు నుంచి వేసి, రెండో వైపు నుంచి కొంచెం పక్కగా చూశాం. నాలుగైదు దుమ్ము రేణువులు ఉన్నాయి. వాటి వల్ల ఫోటోకు దాదాపు ఏమీ కాదు. ముందు గాజు మీద చిన్న గీత ఉన్నా పెద్దగా తెలియదు. వెనక గాజు మీద గీతే ఎక్కువ చేటు. అసలు భయం బూజు. సాలెగూడులాగా, వేళ్లలాగా పాకిన తెల్లటి గీతలు కనిపిస్తే అది బూజే. వానాకాలంలో మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. తోలు సంచి ఆ తేమను పట్టి ఉంచుతుంది. ఈ లెన్స్‌కు అదృష్టవశాత్తూ బూజు లేదు. ఆ రోజే సంచి మార్చి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టించాం.

గోడ పరీక్ష: మొదటి తీర్పు తప్పింది

ఒక పేరెంట్ తమ మిర్రర్‌లెస్ కెమెరా, పాత లెన్స్ బిగించే అడాప్టర్ ఇచ్చారు. దాని సెన్సర్ ఫిల్మ్ సైజులోనే, అంటే ఫుల్ ఫ్రేమ్‌లో ఉంది. ఇది ముఖ్యం. ఏపీఎస్-సీ రకం చిన్న సెన్సర్ అయితే అంచులు కత్తిరించుకుపోయి, 28 ఎంఎం లెన్స్ సుమారు 42 ఎంఎంలా చూస్తుంది. మూలలే రాని ఫోటో చూసి మూలలు బాగున్నాయని చెప్పలేం కదా.

స్కూలు కాంపౌండ్‌లోని ఇటుక గోడకు రెండు మీటర్ల దూరంలో ట్రైపాడ్ పెట్టాం. చెయ్యి తగిలి కదలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టి, ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 16 వరకు ఒక్కో అంకెకూ ఒక్కో ఫోటో తీశాం. ఒకసారికి ఒక్క అంశమే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి. పిల్లలు ల్యాబ్‌లో నేర్చుకునే నియమం ఇదే.

కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఎడమ వైపు ఇటుకలు మసక, కుడి వైపు స్పష్టం. అమ్మాయి ముఖం చిన్నబోయింది. "లెన్స్ పోయింది సార్. తాతయ్యకు ఏం చెప్పను?" అంది.

నిజానికి అలాంటి తేడా లెన్స్ లోపలి గాజు పక్కకు జరిగితే కూడా వస్తుంది. కానీ లెన్స్‌ను నిందించే ముందు మన పరీక్ష సరిగా ఉందో లేదో చూడాలి. కెమెరా ఎదురుగా గోడకు ఒక చిన్న అద్దం ఆనించి, కెమెరా తెరలో చూశాం. కెమెరా గోడకు సరిగ్గా ఎదురుగా ఉంటే, అద్దంలో లెన్స్ ప్రతిబింబం తెర మధ్యలో కనిపించాలి. మాకు పక్కకు కనిపించింది. అంటే కెమెరా కొంచెం కుడికి తిరిగి ఉంది. తప్పు మాదే. సరిచేసి మళ్లీ తీస్తే నాలుగు మూలలూ ఒకేలా వచ్చాయి: ఎఫ్ 2.8లో నాలుగూ మసక, ఎఫ్ 8లో నాలుగూ స్పష్టం.

ఇంకో పరీక్ష కూడా చేశాం. కెమెరాను తలకిందులు చేసి అదే గోడను తీశాం. మసక గోడలో అదే భాగాన్ని పట్టుకుని ఉంటే తప్పు మనం పెట్టిన తీరులో ఉన్నట్టు. కెమెరాతో పాటు గోడ రెండో వైపుకు మారితే తప్పు లెన్స్‌లోనో అడాప్టర్‌లోనో ఉన్నట్టు. మాకు ఏ వైపూ తేడా రాలేదు.

తోట పరీక్ష

దగ్గరి గోడతోనే తీర్పు చెప్పకూడదు. ఆ కాలపు వైడ్ యాంగిల్ లెన్సులు చాలావరకు దూరపు దృశ్యాల కోసం లెక్కగట్టినవి. దగ్గరివాటికి అంచులు బలహీనపడతాయి. దగ్గరికి ఫోకస్ చేసినప్పుడు లోపలి గాజుల మధ్య దూరం కూడా మారేలా 1967లో నికాన్ 24 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్‌లో ఏర్పాటు చేసింది. మా లెన్స్‌లో ఆ సౌకర్యం లేదు. అందుకే ఒక ఆదివారం అమ్మాయి వాళ్ల తోటకు వెళ్లాం.

తెల్లవారిన కాసేపటికే మొదలుపెట్టాం. వేసవి మధ్యాహ్నం నేల కాగి, పైన గాలి అలలుగా కదులుతుంది. దూరపు చెట్లు వణికినట్టు కనిపిస్తాయి. ఆ మసకను లెన్స్ మీద రుద్దకూడదు. అలాగే గాలికి ఊగే ఆకులు చూసి తీర్పు చెప్పకూడదు. కదలని మొద్దు బెరడు చూడాలి.

పాత పద్ధతిలో పది మీటర్లకొకటి నాటిన చెట్లు, అంటే ఎకరాకు నలభై. దూరం పోతున్న ఆ వరసలు మంచి పరీక్ష పేపర్. మేం నాలుగు అంశాలు చూశాం.

మొదటిది రంగు అంచు. ఫోటో మూలలో తెల్లటి ఆకాశం మీద పడిన ఆకులను పెద్దవి చేస్తే, ఒక అంచున ఊదా, రెండో అంచున ఆకుపచ్చ కనిపించాయి. ఒక్కో రంగు ఒక్కో సైజులో పడటం వల్ల వచ్చే లోపం ఇది. ఎఫ్ అంకె పెంచినా పోదు. కంప్యూటర్‌లో సరిచేయవచ్చు.

రెండోది వంపు. మోటారు షెడ్డు గోడ అంచును ఫోటో చివరికి తెచ్చి చూస్తే కొంచెం బయటికి ఉబ్బినట్టు ఉంది. ఇదీ ఎఫ్ అంకెతో మారదు. అయితే గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్లు లావుగా కనిపించడం, కెమెరా పైకెత్తితే గోడలు లోపలికి వాలడం లెన్స్ లోపాలు కావు. విశాలమైన దృశ్యాన్ని చదునైన ఫోటోలోకి తెచ్చినప్పుడు, కెమెరాను వంచినప్పుడు జ్యామితి చేసే పని అది. కొత్త లెన్స్‌తోనూ అంతే.

మూడోది మూలల చీకటి. ఎఫ్ 2.8లో బాగా తెలిసింది, ఎఫ్ 5.6కు చాలావరకు తగ్గింది.

నాలుగోది ఎదురెండ. సూర్యుడు ఫోటో అంచుకు దగ్గరైతే ఫోటో అంతా వెలిసినట్టు అయింది. లెన్స్‌కు పక్కగా అరచెయ్యి అడ్డుపెడితే చాలా మెరుగుపడింది.

ఎఫ్ 16లో మాత్రం మధ్యభాగం కూడా కొంచెం మెత్తబడింది. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి దాని అంచుల దగ్గర వంగి చెదురుతుంది. దీన్నే వివర్తనం అంటారు. అంటే అంకె పెంచేకొద్దీ బాగుపడుతూనే ఉంటుందనుకోకూడదు.

దేనికి మంచిది?

చిన్న రసం పిండుకుని జుర్రుకుంటాం. బంగినపల్లి ముక్కలు కోసుకుంటాం. కలెక్టర్ కాయ గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. రసంలో పీచు ఉందని మనం తప్పు పట్టం. లెన్స్ తీర్పు కూడా "దేనికి?" అన్న ప్రశ్నతోనే పూర్తవుతుంది. అమ్మాయి తన నోట్‌బుక్‌లో ఇలా రాసింది: "ఎఫ్ 2.8లో మధ్యలో మనిషి ఉంటే బాగుంటుంది, మూలలు మసక. ఎఫ్ 8లో మూలలతో సహా బాగుంటుంది, గ్రూప్ ఫోటోకు ఇదే. ఎండకు ఎదురుగా వద్దు. ఇంటి గోడలు, మ్యాపులు తీస్తే వంపు సరిచేయాలి."

తాతయ్య అది చదివి నవ్వారట. "పందిట్లో నేనెప్పుడూ ఎనిమిదిలో పెట్టి ఫ్లాష్ వేసేవాణ్ణి. మూలల్లో ఉన్నవాళ్లూ చుట్టాలే కదమ్మా" అన్నారట. ఆ లెన్స్ ఇప్పుడు మనవరాలిది.

ఈ మొత్తం పనిలో నాకు గుర్తుండిపోయింది ఎడమ వైపు మసక. మనం ఆ ఒక్క ఫోటోతో ఆగిపోయి ఉంటే మంచి లెన్స్‌ను పాడైందని రాసేసేవాళ్లం. యూనిట్ టెస్టులో ఒకసారి మార్కులు తగ్గినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోమని తల్లిదండ్రులను కోరుతున్నాను. ఆ రోజు జ్వరమా, నిద్ర చాలలేదా, ప్రశ్న తప్పుగా చదివారా అని ముందు కనుక్కోండి. మళ్లీ పరీక్షించినా అదే లోటు కనిపిస్తే అప్పుడు అది నిజమైన లోటు. దాని మీద కలిసి పని చేద్దాం.

ఈ నెల ఇంట్లో చేయండి

పాత లెన్స్ లేకపోయినా ఫోన్‌లోని వైడ్ కెమెరా, అంటే 0.5 గుర్తున్నది చాలు.

1. పేపర్‌ను గోడకు చదునుగా అతికించి, ఫోన్‌ను కదలకుండా ఆనించి, వైడ్ కెమెరాతో ఒకటి, మామూలు కెమెరాతో ఒకటి తీయండి.
2. మధ్య అక్షరాలు, నాలుగు మూలల అక్షరాలు పెద్దవి చేసి పోల్చండి.
3. తలుపు గడపను ఫోటో మధ్యలో ఒకసారి, చివర ఒకసారి తీసి వంపు చూడండి.
4. చూసింది మాత్రమే రాయించండి. "బాగుంది", "బాగాలేదు" అన్న మాటలు చివరి వరుసకు ఉంచండి.
5. అదే పరీక్ష మర్నాడు మళ్లీ చేయించండి. ఫలితం మారితే ఎందుకు మారిందో మీ పిల్లల్నే చెప్పమనండి.

జాగ్రత్త: ఏ లెన్స్‌లోంచీ సూర్యుణ్ణి చూడనివ్వకండి, కళ్లకు ప్రమాదం. తోటలో ఎండుటాకుల మీద లెన్స్‌ను ఎండలో వదలకండి, నిప్పు అంటుకోవచ్చు. పిల్లలు రాసిన పరిశీలనలు సైన్స్ టీచర్‌కు పంపిస్తే తరగతిలో అందరితో చదివిస్తాం.