పలుచని పొర – కొలమానపు పరీక్ష

మన సారపాక మిల్లులో కాగితపు అట్టలు తయారగుట మీరెరుగుదురు. సాధారణంగా అట్టతో చేసిన టీ కప్పు లోపల తడిని ఆపే పాలిథిన్ పొర ఇంచుమించు 20 మైక్రాన్ల మందముంటుంది. దానికన్న 200 రెట్లు పలుచనైన, అనగా 100 నానోమీటర్ల పొరలో ఫుల్లరీన్‌ను ఇముడ్చుట ఎట్లో చూతము.

ఫుల్లరీన్ అనగా 60 కర్బన పరమాణువుల బంతి. క్రోటో, కర్ల్, స్మాలీ గార్లు 1985లో దీనిని కనుగొన్నారు. దీనిని, పాలిస్టైరీన్‌ను టొలుయీన్‌లో కరిగించి, గిరగిర తిరిగే గాజుపలకపై చుక్కలుగా వేస్తే ద్రవం పరచుకొని, టొలుయీన్ ఆవిరై పొర మిగులుతుంది.

కాని ఈ బంతులకు ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టే స్వభావమున్నది. కంటికి నున్నగా తోచిన పొరలోనూ ముద్దలుండవచ్చును. అందుచేత మందాన్ని ఎలిప్సోమీటరుతోను, ఫుల్లరీన్ పాలును అతినీలలోహిత కాంతి శోషణతోను, ఉపరితలాన్ని పరమాణుబల సూక్ష్మదర్శినితోను పరీక్షించాలి. పొర చేయుట సగము పని. కొలిచి రుజువు చేయుట తక్కిన సగము. కొలవనిదానిని మనము రికార్డులో వ్రాయరాదు.