చెట్టుకప్పను పెంచాలంటే

కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పలుచని చర్మంతోనే నీటిని పీల్చుకుంటుంది. చెట్టుకప్పను పెంచేవాళ్లు తెలుసుకోవలసిన దాంట్లో సగం ఈ ఒక్క మాటలోనే ఉంది. మనం గిన్నెలో పోసిన నీళ్లు, గాజుపెట్టె కడిగిన సబ్బు, చేతికి రాసుకున్న శానిటైజరు, గదిలో కొట్టిన దోమల మందు... ఏదైనా ఆ చర్మం గుండా లోపలికి పోతుంది.

ద్వీపాలకు బదిలీ అయిన ఒక సహోద్యోగి, తన దగ్గరున్న రెండు వైట్స్ చెట్టుకప్పలను వెంట తెచ్చుకోవచ్చా అని ఈ మధ్య ఫోన్లో అడిగారు. హైదరాబాదులో ఉండగా నేనూ అదే జాతి కప్పను ఆరేళ్లు పెంచాను కాబట్టి నన్ను అడిగారు. ఆయనకు చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెంపుడు చెట్టుకప్ప అంటే ఎక్కువగా ఈ వైట్స్ జాతే. స్వస్థలం ఆస్ట్రేలియా, న్యూగినీ. జాన్ వైట్ అనే వైద్యుడు 1790లో దీని గురించి రాశాడు. ఆకుపచ్చ కప్పకు శాస్త్రనామంలో 'నీలం' అనే అర్థం ఎలా వచ్చిందంటే, నిల్వ ద్రావణంలో పసుపు రంగు పోయి నీలం మిగిలిందట. పెద్దయితే అరచేతికి సరిపోతుంది, నెమ్మదైనది. ఎర్ర కళ్ల చెట్టుకప్ప చూడటానికి ఇంకా అందంగా ఉంటుంది కానీ, అది అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్న జాతి. 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఏ జాతి కొన్నా, అమ్మినవారి దగ్గర రసీదు తీసుకోవడం మన వృత్తిధర్మం ఎలాగూ.

నీళ్ల సంగతి ముందు చూద్దాం. కుళాయి నీటిలోని క్లోరిన్, వెడల్పు బకెట్‌లో మూత లేకుండా ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరమిన్ కలిపే ఊళ్లలో మాత్రం అలా పోదు. అక్వేరియం దుకాణంలో దొరికే విరుగుడు ద్రావణం వాడాలి. గిన్నెలో నీళ్లు కూర్చున్న కప్ప గడ్డం దాటకూడదు. చెట్టుకప్ప గొప్ప ఈతగత్తె కాదు. స్నానం, దాహం, మలవిసర్జన అన్నీ అందులోనే కాబట్టి రోజూ మార్చక తప్పదు.

తిండి దగ్గరే చాలామంది తికమకపడతారు. కదలనిది కప్ప కంటికి తిండిగా ఆనదు. అన్నం మెతుకులు, కోడిమాంసం ముక్కలు పెట్టి 'తినడం లేదు' అని బెంగపడేవాళ్లను చూశాను. దానికి కావలసింది బతికున్న కీచురాళ్లు, అమ్మకానికి పెంచే బొద్దింకలు, అప్పుడప్పుడు వానపాము. వంటింటి బొద్దింక వద్దే వద్దు, అది ఏ మందు తిని వచ్చిందో మనకు తెలియదు. పురుగు సైజు కప్ప రెండు కళ్ల మధ్య ఎడాన్ని మించకూడదు. పిల్లకప్పకు రోజూ పెట్టాలి. పెద్దదానికి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగైదు పురుగులు చాలు.

పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ లోటు పూడ్చకపోతే కప్ప ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. అందుకని పురుగులకు ముందురోజు క్యారెట్, ఆకుకూర మేపి, పెట్టేముందు డి3 కలిసిన కాల్షియం పొడిలో దొర్లించాలి. కప్ప మింగేటప్పుడు కళ్లు లోపలికి కుంగుతాయి, చూసి కంగారుపడకండి. ఆ కనుగుడ్లే తిండిని గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. ఈ జాతికి ఆకలి ఆగదు, పెట్టినకొద్దీ తింటుంది. కళ్లపై మడత కంటి మీదికి జారుతోందంటే ఒళ్లు వచ్చిందని అర్థం, తిండి తగ్గించాలి.

పెట్టె పొడుగ్గా ఉండాలి. అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు రెండింటికి సరిపోతుంది. ఎక్కడానికి కొమ్మలు, దాక్కోవడానికి ఆకులు, గాలి ఆడే జాలీ మూత కావాలి. పగలు 25 నుంచి 29 డిగ్రీల వేడి చాలు. ముట్టుకోవడం ఎంత తగ్గిస్తే అంత మంచిది. తప్పనప్పుడు క్లోరిన్ లేని నీటితో చేతులు కడిగి, తడిచేత్తోనే పట్టుకోవాలి. తర్వాత సబ్బుతో కడుక్కోవాలి, కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

ఇక మన ఉద్యోగులు లెక్క వేసుకోవలసింది ఒకటుంది. ఈ కప్ప పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. మనకు మూడేళ్లకోసారి బదిలీ. అంటే ఒక కప్ప జీవితంలో ఐదారు ఊళ్లు! నేను ఇక్కడికి వచ్చేటప్పుడు నా కప్పను గాజుపెట్టెతో సహా బావమరిదికి అప్పగించాను. విమానం ఖర్చుకు వెనకాడి కాదు, ఇవి ద్వీపాలు కాబట్టి.

ప్రోతరాపూర్‌లో వానాకాలం రాత్రి బెకబెకలు వినేవాళ్లకు చెప్పాలి. ఆ గొంతుల్లో ఒకటి ఇక్కడిది కాదు. మన పొలాల్లో కనబడే పెద్ద గోదురుకప్ప ఈ దీవులకు ఈ శతాబ్దంలోనే వచ్చి పాకింది. చేపపిల్లలతో పాటు చేరి ఉంటుందని పరిశోధకుల అంచనా. దాని తోకకప్పలు స్థానిక జాతుల తోకకప్పలను తినేస్తాయి. కలిపి ఉంచి చేసిన ప్రయోగంలో స్థానికమైనవి ఒక్కటీ మిగల్లేదు. పెంపుడు కప్ప తప్పించుకున్నా, విసుగొచ్చి వదిలేసినా అలాంటి కథే మొదలుకావచ్చు. కప్పల వ్యాపారంతో దేశాలు దాటిన కైట్రిడ్ శిలీంధ్రం 501 ఉభయచర జాతులను దెబ్బతీసిందని, వాటిలో 90 అంతరించాయని 2019లో లెక్క తేల్చారు. అది సోకేది చర్మానికే. బయటికి ఆరోగ్యంగా కనిపించే కప్ప కూడా దాన్ని మోసుకురాగలదు. కప్ప వాడిన నీళ్లు కాలువలో పారబోసినా చాలు. అందుకే ఆయనకు 'తేవద్దు, నమ్మకమైనవాళ్లకు అప్పగించి రండి' అన్నాను. కాస్త నొచ్చుకున్నారు.

చెట్టుకప్ప మీద అంత మనసుంటే ఇక్కడే ఒకటుంది. అండమాన్ దీవుల్లో చెట్టుకప్ప ఉన్నట్టు మొదటిసారి నమోదైంది 2020లో. పొడవు రెండు మూడు సెంటీమీటర్లే, ఒంటికి రెండు పక్కలా లేతరంగు చార. నీటి పైన ఆకులకు బుడగల గూడు కట్టి, లేతాకుపచ్చ గుడ్లు పెడుతుంది, తల్లి కాపలా కాస్తుంది. చార్లెస్ డార్విన్ పేరున్న ఇంకో స్థానిక కప్పయితే చెట్టుతొర్రలో తలకిందులుగా వేలాడి, నీటికి పైన తొర్ర గోడలకు గుడ్లు అంటిస్తుంది. తొర్రలు దొరకనిచోట పారేసిన ప్లాస్టిక్ డబ్బాల్లోనూ పెడుతున్నట్టు శాస్త్రవేత్తలు గమనించారు.

వీటిని పట్టి ఇంటికి తేకూడదు, చూడాలి. వాన వెలిసిన సాయంత్రం చీకటి పడ్డాక, సన్నని టార్చితో, నీటికుంట పక్క పొదల్లో ఆకుల మీద వెతకండి. వెలుతురు నేరుగా కళ్లలో వేయకండి. ఆకు మీద బుడగల గుత్తి కనబడితే ఆ కొమ్మను పట్టుకోకుండా, రెండడుగుల దూరంలోనే ఆగిపోండి. తల్లికప్ప అక్కడే ఉండవచ్చు.