కోడ్ రాయకముందే తప్పు పట్టే ఉద్యోగం

మెట్రో రైలుకు సాఫ్ట్‌వేర్ రాయాలి. క్లయింటు ఇచ్చిన పత్రంలో ఒకచోట ‘రైలు కదులుతుంటే తలుపులు తెరుచుకోకూడదు’ అని ఉంది. ఇరవై పేజీల తర్వాత ‘ఎమర్జెన్సీ బటన్ నొక్కగానే తలుపులు తెరుచుకోవాలి’ అని ఉంది. విడివిడిగా చదివితే రెండూ సబబే. మరి కదులుతున్న రైల్లో ఎవరైనా బటన్ నొక్కితే? డిజైన్ చేసేవాళ్లు మొదటి వాక్యాన్ని, కోడ్ రాసేవాళ్లు రెండో వాక్యాన్ని పట్టుకుంటే, ఈ పేచీ టెస్టింగ్‌లోనో, అంతకంటే ఆలస్యంగానో బయటపడుతుంది.

ఇలాంటివి ముందే తేల్చడానికే ఫార్మల్ మెథడ్స్. అవసరాలను, డిజైన్‌ను గణిత తర్కంలో రాసి మోడల్ చెకర్‌కు ఇస్తే, తలుపు, వేగం, బటన్ ఏయే స్థితుల్లో ఉండొచ్చో అన్నీ వెతుకుతుంది. నియమం తప్పే దారి దొరికితే అడుగడుగూ చూపిస్తుంది. దాన్ని తీసుకెళ్లి క్లయింటుతో ‘బటన్ నొక్కితే ముందు బ్రేకు, రైలు ఆగాకే తలుపు’ అని ఖాయం చేసుకోవడం మాత్రం ఇంజనీరు పనే. ఆర్నెల్లకు ఒక నియమం మారిందా, మోడల్ మళ్లీ నడపాల్సిందే.

ఇది పుస్తకాలకే పరిమితమైన విద్య కాదు. 1998లో మొదలైన, డ్రైవర్ లేని పారిస్ మెట్రో 14వ లైన్ భద్రతా సాఫ్ట్‌వేర్‌ను బి మెథడ్ అనే ఫార్మల్ పద్ధతితో నిరూపించారు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజనీర్లు 2011 నుంచి లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ అనే భాషను వాడుతున్నారు. తమ డేటాబేస్ డైనమోడీబీలో వాళ్లు పట్టిన ఒక లోపం బయటపడాలంటే 35 అడుగులు వరసగా పడాలి. ఏ టెస్టర్‌కు తడుతుందది! అయితే అసలు నియమాన్నే తప్పుగా రాస్తే, ఆ తప్పే నిరూపితమవుతుంది.

ఉద్యోగ సైట్లలో ‘ఫార్మల్ మెథడ్స్’ అని వెతికితే చాలా తక్కువ కనిపిస్తాయి. ఫార్మల్ వెరిఫికేషన్, సేఫ్టీ ఇంజనీర్, సిస్టమ్స్ ఇంజనీర్ అని వెతకండి. మొదటిది హైదరాబాద్ చిప్ డిజైన్ కంపెనీల్లో ఉండే పనే. దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షలు జరుపుకున్న, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ లాంటి సిల్-4 (అత్యున్నత భద్రతా స్థాయి) వ్యవస్థలకు యూరప్ రైల్వే ప్రమాణాలు ఈ పద్ధతులను గట్టిగా సిఫారసు చేస్తాయి. విమానయానంలోనూ వీటికి చోటుంది.

కావలసింది సెట్లు, లాజిక్ మీద పట్టు. టీఎల్ఏ ప్లస్, అలాంటిదే అయిన అలాయ్ రెండూ ఉచితమే. ఏదో ఒకటి నేర్చుకుంటే చాలు. ఫైనల్ ఇయర్‌లో ఇంకో అటెండెన్స్ యాప్ చేయకండి. లిఫ్ట్ కంట్రోలర్‌కు నాలుగు నియమాలు రాసి మోడల్ నడపండి. అది పట్టిన తప్పును, మీరు సరిదిద్దిన తీరును రెజ్యూమెలో రెండు లైన్లలో పెట్టండి.