మెడ పట్టేస్తే ఏం చేయాలి? ఏం చేయకూడదు?



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. నేను జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. వైద్యుణ్ణి కాదు. అయినా ఒక పాఠం మన హాస్టల్లోనే నేర్చుకున్నాను. అది పుస్తకంలో చదివింది కాదు, మా గదిలో జరిగింది. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

మా గదిలో జరిగిన సంగతి

1999 సంక్రాంతి సెలవులు అయిపోయాయి. అప్పుడు మనది ఇంకా నిజామాబాద్ జిల్లా. కామారెడ్డిలో బస్సు దొరక్క ఎల్లారెడ్డికి వచ్చే జీపు ఎక్కాం. నా పక్కన పదవ తరగతి తమ్ముడు, వాడి ఒళ్లో ట్రంకు పెట్టె. తాడ్వాయి దాటాక బర్రెలు అడ్డం వస్తే జీపు ఆగింది. వెనుక వస్తున్న లారీ ఆగలేదు. పెద్ద దెబ్బేమీ కాదు. రక్తం కారలేదు. అందరం దిగి, బట్టలు దులుపుకుని, నవ్వుకుంటూ హాస్టల్ చేరాం.

మరునాడు పొద్దున వాడు లేవలేకపోయాడు. "అన్నా, మెడ తిరుగుతలేదే" అన్నాడు. మేం చేసిన వైద్యం చూడండి. ఒకడు తలగడ ఎండలో వేయమన్నాడు. ఒకడు ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ణి వెతికి తన్నించాలన్నాడు. ఆ రోజు ఆదివారం. కటింగ్ చేసే అన్న హాస్టల్‌కు వచ్చాడు. మా అందరికీ కటింగ్ అయ్యాక మెడ అటూ ఇటూ తిప్పి 'టక్' మనిపించడం ఆయనకు అలవాటు, మాకు సరదా. "వీని మెడ గూడ జర విరువన్నా" అని అడిగింది నేనే. "ఏం గాదు, ఒక్క దెబ్బకు సాఫ్ అయితది" అన్నాడాయన. టక్‌మంది. వాడు కెవ్వుమన్నాడు. సాయంత్రానికి కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి.

వార్డెన్ సారు మమ్మల్ని తిట్టి, వాణ్ణి కామారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు గాని చేతికి పోయే నరం ఒత్తిడికి గురైందన్నారు. వాడికి మళ్లీ పెన్ను గట్టిగా పట్టుకోవడం రావడానికి మూడు నెలలు పట్టింది. మార్చిలో లెక్కల పరీక్ష సగం రాసి లేచి వచ్చాడు. సప్లిమెంటరీలో పాసయ్యాడు గాని, ఆ ఏడు కాలేజీ సీటు పోయింది. నరం దెబ్బతిన్నది లారీ వల్లనా, మెడ విరవడం వల్లనా? ఎవరూ తేల్చి చెప్పలేరు. కాని దెబ్బ తగిలిన మెడను విరిపించడం తప్పని డాక్టరు గారు ఆరోజే చెప్పారు. ఆ తప్పు ఆ అన్నది కాదు, అడిగిన నాది.

మెడ నిర్మాణం

మన మెడలో 7 పూసలు ఉన్నాయి. జిరాఫీకి కూడా ఏడే. మొదటి పూసను శీర్షధరం అంటారు, తలను మోసేది అదే. అది రెండో పూస మీద బొంగరపు కీలులాగ తిరుగుతుంది. కాదు అని తల అడ్డంగా ఊపేది ప్రధానంగా ఈ కీలు వల్లనే. పూసల మధ్య మెత్తని డిస్కులు, చుట్టూ సంధిబంధనాలు, కండరాలు ఉంటాయి. పూసల నడుమ కాలువలో వెన్నుపాము, పక్క సందుల్లోంచి చేతులకు పోయే నరాలు ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మెడపూసలకు రెండు పక్కలా చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా రెండు ధమనులు మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకుపోతాయి. మెడను ఒక్కసారిగా మెలితిప్పితే ఈ ధమని లోపలి పొర చిరిగే ప్రమాదం ఉంది. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది.

కొరడా దెబ్బ లాంటి దెబ్బ

వెనుక నుంచి బండి గుద్దినప్పుడు మెడకు తగిలే దెబ్బను ఇంగ్లీషులో విప్‌లాష్ అంటారు. అంటే కొరడా విసురు. 1928లో అమెరికాలో హెరాల్డ్ క్రో అనే ఎముకల వైద్యుడు ఈ పేరు వాడాడు. ఇది మీకు తెలిసిన న్యూటన్ మొదటి నియమమే. సీటు మన నడుమును, వీపును ముందుకు తోస్తుంది. తల మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండబోతుంది. సెకనులో పదోవంతు కాలంలోనే మెడ పాములా వంకర తిరుగుతుంది. తర్వాత తల వెనక్కి, ఆపైన ముందుకు విసురుకుంటుంది. ఎముక విరగకపోయినా కండరాలు, సంధిబంధనాలు సాగిపోతాయి.

ఈ నొప్పి చాలాసార్లు అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటల తర్వాతో, మరునాడో మొదలవుతుంది. మా తమ్ముడికి జరిగింది అదే. 1995లో కెనడాలోని క్విబెక్ నిపుణుల బృందం ఈ దెబ్బను మెట్లుగా విభజించింది:

0. ఏ బాధా లేదు.
1. నొప్పి, బిగుసుకుపోవడం మాత్రమే.
2. వీటితో పాటు మెడ తిరగకపోవడం, ముట్టుకుంటే నొప్పి.
3. చేతుల్లో తిమ్మిరి, బలహీనత వంటి నరాల లక్షణాలు.
4. ఎముక విరగడం లేదా పూస జారడం.

1, 2 మెట్ల వారిలో చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొందరికి నెలల తరబడి ఉంటుంది. 3, 4 మెట్ల వారు ఆసుపత్రికి పోవలసిందే. మన గదిలో కూర్చుని ఏ మెట్టో తేల్చలేం. అందుకే ముందు డాక్టరుకు చూపించాలి.

కైరోప్రాక్టిక్ అంటే ఏమిటి?

ఈ మధ్య సెల్‌ఫోన్లలో మెడలు, నడుములు టకటకలాడించే వీడియోలు మీరు చూస్తూనే ఉంటారు. ఆ వైద్యం పేరు కైరోప్రాక్టిక్. గ్రీకు మాటలకు చేతితో చేసే పని అని అర్థం. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ దీన్ని మొదలుపెట్టాడు. హార్వీ లిల్లార్డ్ అనే నల్లజాతి పనివాడి వెన్నుపూసను సరిచేస్తే అతని చెవుడు పోయిందని పామర్ చెప్పుకున్నాడు. దాదాపు అన్ని జబ్బులకూ పూసలు పక్కకు జరగడమే మూలమన్నాడు. ఆ మాటను సైన్సు ఒప్పుకోలేదు.

అలాగని అంతా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. అమెరికాలో ఏళ్ల తరబడి చదివి, లైసెన్సు పొందినవాళ్లే ఈ వైద్యం చేస్తారు. మెడనొప్పి మీద 2012లో అక్కడ ఒక పరిశోధన వెలువడింది. 272 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మెడ సర్దే వైద్యం, ఒక జట్టుకు మందులు, ఒక జట్టుకు ఇంట్లో చేసుకునే వ్యాయామం. 12 వారాల తర్వాత చూస్తే, మెడ సర్దించుకున్నవారికి మందులు వాడినవారి కంటే ఎక్కువ ఉపశమనం కలిగింది. అయితే అసలు విశేషం ఇది: ఇంట్లో వ్యాయామం చేసినవారికీ, మెడ సర్దించుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పైసా ఖర్చులేని వ్యాయామం దాదాపు అంత పనీ చేసింది. హాస్టల్ పిల్లలమైన మనకు ఇంతకంటే మంచి వార్త ఏముంది?

మరి ఆ 'టక్' శబ్దం ఏమిటి? పూస తన చోటికి వచ్చిన శబ్దం కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడే చప్పుడు. వేళ్ల మెటికలు విరిస్తే వచ్చేదీ అదే. శబ్దం వచ్చింది కాబట్టి నయమైందనుకోవడం పొరపాటు.

మన దేశంలో ఆయుర్వేదానికి, హోమియోకు ఉన్నట్లు కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. కాబట్టి బోర్డు పెట్టిన ప్రతివారూ చదివినవారే అనుకోవద్దు. ఫిజియోథెరపీ సంగతి వేరు. దానికి డిగ్రీ చదువు ఉంది, 2021లో వచ్చిన కేంద్ర చట్టం కిందికి కూడా వస్తుంది.

సరదా ప్రాణం మీదికి

2022లో హైదరాబాదులో 50 ఏళ్ల మహిళ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా కళ్లు తిరిగి, వాంతులయ్యాయి. మెడ ధమని నొక్కుకుపోయి పక్షవాతం వచ్చిందని చూసిన న్యూరాలజిస్టు వెల్లడించారు. 2024లో బళ్లారికి చెందిన 30 ఏళ్ల యువకుడికి సెలూన్‌లో మెడ విరిపించుకున్నాక ధమని చిరిగి పక్షవాతం వచ్చిందని పత్రికల్లో వచ్చింది. ఇలాంటివి అరుదు. కాని ఎవరి వంతు వస్తుందో ముందు తెలియదు. చదివినవారు చేసినా మెడను విరిచే ముందు ఈ ప్రమాదం సంగతి చెప్పాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సూచించింది. మనకు కటింగ్ కుర్చీలో ఎవరు చెబుతారు? అందుకే "అన్నా, మెడ వద్దు" అని మనమే మర్యాదగా చెప్పాలి.

దెబ్బ తగిలినప్పుడు చేయవలసినవి

1. రోడ్డు ప్రమాదంలో పడ్డవారి మెడ లాగవద్దు, తిప్పవద్దు. తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోండి.
2. 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ సేవకు డబ్బు కట్టనక్కర లేదు. నిప్పు, నీరు వంటి ప్రాణాపాయం లేకపోతే అది వచ్చేదాకా ఆగండి. తల వేలాడేలా ఆటోలో వేసుకుపోవద్దు.
3. చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం, మాట తడబడటం, చూపు రెండుగా కనపడటం, భరించలేని కొత్త తలనొప్పి – వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మెడనొప్పితో పాటు జ్వరం ఉండి, గడ్డం ఛాతీకి ఆనకపోతే అది మెదడువాపు కూడా కావచ్చు.
4. డాక్టరు ప్రమాదం లేదన్నాక మంచం పట్టవద్దు. పట్టీ రోజుల తరబడి వేసుకుంటే కండరాలు బలహీనపడతాయి. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు మెడను మెల్లగా కదుపుతూ ఉండటమే ఇప్పటి వైద్యుల సలహా. వేడినీటి కాపడం ఉపశమనం ఇస్తుంది.

రోజూ ఐదు నిమిషాలు

ప్రమాదం లేకున్నా మెడ పట్టేస్తుంది. కారణం మన కూర్చునే తీరు. తల బరువు దాదాపు 5 కిలోలు. తలను 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలని 2014లో ఒక వెన్నెముక సర్జన్ లెక్కగట్టారు. అంటే అరబస్తా బియ్యం! ఒళ్లో పుస్తకం పెట్టుకున్నా, సెల్‌ఫోన్ చూసినా అంతే. అందుకే నేల మీద కూర్చుంటే ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకోండి. దాని కింద ఇంకో పెట్టె వేస్తే ఇంకా మంచిది. అరగంటకోసారి లేవండి. ట్రంకు నెత్తిన పెట్టుకుని పరుగెత్తకండి, ఇద్దరు చెరో పక్క పట్టుకోండి.

ప్రార్థనకు ముందు ఇవి చేయండి: తలను మెల్లగా కుడికి, ఎడమకు ఐదుసార్లు తిప్పండి. గడ్డాన్ని వెనక్కి లాగి ఐదు లెక్కపెట్టి వదలండి. అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా ఒకదాన్నొకటి తోయండి. అలాగే రెండు పక్కలా, వెనుకా చేయండి. భుజాలు గుండ్రంగా తిప్పండి. ఏది చేసినా నొప్పి చేతిలోకి దిగితే ఆపేసి చూపించుకోండి.

చివరిగా ఒక మాట. మా రోజుల్లో ఎక్స్‌రే కోసమే కామారెడ్డి దాకా పోవలసి వచ్చేది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. రేపు ఆ కాలేజీలో తెల్లకోటు వేసుకునేవారు మన హాస్టల్ నుంచే పోవాలి. ఆ తమ్ముడు ఇప్పుడు సొంత ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూ పిల్లలను చదివిస్తున్నాడు. మొన్న కలిసినప్పుడు "అన్నా, నా మెడ సంగతి రాయి, పోరగాళ్లకు పనికొస్తది" అని వాడే అన్నాడు. అందుకే రాశాను. చదివిన ప్రతి ఒక్కరూ కింది తరగతి వారిలో ఒక్కరికైనా చెప్పండి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.