చెయ్యేరు ఒడ్డున అత్తిరాల

రాజంపేట దగ్గర చెయ్యేటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు అత్తిరాల. కొండమీద త్రేతేశ్వరస్వామి, కింద పరశురాముడి గుడి. శివరాత్రికి పెద్ద తిరునాళ్ల. తల్లిని చంపిన పరశురాముడు ఇక్కడ మునిగితే హత్యాపాపం రాలిపోయిందని, ‘హత్య రాల’ అనే మాటే అత్తిరాల అయిందని స్థలపురాణం.

ఏటి పేరు వెనకా ఓ కథ ఉంది. లిఖితుడు తన అన్న శంఖుడి ఆశ్రమంలో అడగకుండా పండు తింటాడు. అది దొంగతనమని రాజు అతని చేతులు నరికిస్తాడు. బాహుదా నదిలో మునిగితే చేతులు మళ్లీ వస్తాయి. ఇది భారతం శాంతిపర్వంలో ఉంది. బాహుదా అంటే చేతులిచ్చేది. ఆ నదే మన చెయ్యేరు అని ఇక్కడివాళ్ల నమ్మకం.

ఇదే ఏటిమీద 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకి తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి ముప్పైమందికి పైనే.

అత్తిరాల చూడ్డానికి వెళ్తే గుడి కథతోపాటు ఈ తేదీ కూడా గుర్తుచేసుకుందాం. చేతులిచ్చిన కథ ఒక్కటే చెప్తే ఏటి చరిత్ర సగమే చెప్పినట్టు.