‘నో సిగ్నల్’ అంటే మానిటర్ పోయినట్టు కాదు

సూరత్‌లో పాండేసర పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న బమ్రోలి పవర్‌లూమ్‌ల ప్రాంతం. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ నగరంలో ఇప్పుడు చీర మీది పువ్వు, అంచు మీది తీగ చాలావరకు ముందు కంప్యూటర్ తెర మీద పుడతాయి. ఆ తర్వాతే జకార్డ్ మగ్గానికో, ఎంబ్రాయిడరీ యంత్రానికో చేరతాయి. డిజైన్ మధ్యలో తెర నల్లబడి ‘నో సిగ్నల్’ అని కనిపిస్తే ఆ పూట పని ఆగినట్టే. మానిటర్ పోయిందనుకుని కొత్తది కొనడానికి సిద్ధపడేవారూ ఉంటారు. నిజానికి ఆ రెండు మాటలు చెబుతున్నది దాదాపు అందుకు వ్యతిరేకం.

తెర మీద ఆ అక్షరాలు కనిపించాలంటే మానిటర్‌కు కరెంటు అందాలి, వెనుక దీపం వెలగాలి, ప్యానెల్ పనిచేయాలి. అంటే ముఖ్యమైన భాగాలన్నీ బాగానే ఉన్నాయి, బొమ్మ మాత్రం రావడం లేదు. ఇక అనుమానించాల్సినవి కేబుల్, దాని రెండు కొనలు, కంప్యూటర్, చివరగా మానిటర్‌లో సంకేతాన్ని అందుకునే సర్క్యూట్.

బొమ్మ కన్నా ముందు ఒక పలకరింపు

హెచ్‌డీఎంఐ కేబుల్ కొనలో 19 పిన్నులుంటాయి. తగిలించగానే కంప్యూటర్ ఒక పిన్ను ద్వారా 5 వోల్టులు పంపుతుంది. మానిటర్ మరో పిన్ను ద్వారా ‘నేనున్నాను’ అని తెలుపుతుంది. అప్పుడు కంప్యూటర్ మానిటర్‌లో దాచి ఉన్న చిన్న సమాచార పట్టికను చదువుతుంది. తయారీదారు ఎవరు, ఏ రిజల్యూషన్లు చూపగలదు వంటి వివరాలు అందులో ఉంటాయి. ఆ తర్వాతే బొమ్మ బయలుదేరుతుంది. ఒక పిన్ను వంగినా, కొనలో నూలు పీచు పేరుకున్నా ఈ పలకరింపు మధ్యలోనే ఆగిపోవచ్చు.

కొద్దికొద్దిగా కాదు, ఒక్కసారిగా

1987లో వచ్చిన వీజీఏ అనలాగ్ పద్ధతి. సంకేతం బలహీనపడితే తెర మీద నీడలు, అలలు కనిపిస్తాయి, బొమ్మ మసకబారుతుంది. చెడిపోతోందని ముందే తెలుస్తుంది. 2002లో తొలి ప్రమాణం వెలువడిన హెచ్‌డీఎంఐ డిజిటల్ పద్ధతి. ఇక్కడ 0, 1 మధ్య తేడా తెలిసినంతవరకు బొమ్మ చక్కగా ఉంటుంది. తేడా చెదరడం మొదలైతే ముందు తెర మీద చుక్కలు మెరుస్తాయి, కాసేపటికే బొమ్మ మొత్తం పోతుంది.

ఫుల్ హెచ్‌డీ బొమ్మను సెకనుకు 60 సార్లు పంపేటప్పుడు మూడు జతల తీగల్లో ఒక్కో జత సెకనుకు 148.5 కోట్ల బిట్లు మోస్తుంది. ఒక బిట్‌కు దొరికే సమయం దాదాపు 0.67 నానోసెకన్లు. అంతలో శూన్యంలో కాంతి కూడా సుమారు 20 సెంటీమీటర్లే వెళ్తుంది. అందుకే కేబుల్ పొడవైనా, నాసిరకమైనా, కొన వదులైనా తప్పులు పెరుగుతాయి. అదే కేబుల్ తక్కువ రిజల్యూషన్‌లో బాగా పనిచేయడానికి కారణమూ ఇదే.

మగ్గాల పక్కన మానిటర్

సూరత్‌లో ఎక్కువగా తయారయ్యేది పాలిస్టర్ వంటి కృత్రిమ వస్త్రం. రాపిడికి దాని మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది, గాలి పొడిగా ఉన్నప్పుడు మరింతగా. మనిషి కుర్చీలోంచి లేచినప్పుడు వెలువడే చిన్న విద్యుత్ మెరుపు కూడా దగ్గరలోని వీడియో కేబుల్‌ను తాకి, తెరను ఒకటి రెండు సెకన్లు నల్లగా చేయగలదు. మోటారు ఆగినప్పుడూ, మొదలైనప్పుడూ పుట్టే వోల్టేజి కుదుపులు కూడా అంతే. తెర తనంతట తానే నల్లబడి తిరిగి వస్తుంటే, ఆ సమయాలను రెండు రోజులు కాగితం మీద రాయండి. పక్క మోటారు వేసిన సమయాలతో అవి కలిస్తే, మానిటర్‌ను మార్చినా ఫలితం ఉండదు. కేబుల్‌ను మోటారు వైర్లకు దూరంగా నడపాలి, పొట్టిదీ మంచి షీల్డ్ ఉన్నదీ వాడాలి.

వరుసగా వెతకడం

ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు మార్పులు కలిపి చేస్తే తప్పు ఎక్కడుందో తెలియదు.

1. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరైనదేనా చూడండి. కేబుల్ హెచ్‌డీఎంఐలో ఉండి, ఎంపిక వీజీఏ మీద ఉంటే బొమ్మ రాదు.
2. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ నడుస్తున్నట్టే. లేకపోతే మానిటర్‌ను వదిలి కంప్యూటర్ సంగతి చూడాలి.
3. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే తగిలించాలి, మదర్‌బోర్డు సాకెట్‌కు కాదు.
4. రెండింటినీ ఆపి, ప్లగ్గులు తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేయండి. చిక్కుకుపోయిన పలకరింపు కొత్తగా మొదలవుతుంది.
5. కరెంటు తీసి ఉన్నప్పుడే కొనల్లోని పీచును మెత్తని పొడి బ్రష్‌తో తీసి, గట్టిగా బిగించండి.
6. బాగా పనిచేస్తున్న మరో కేబుల్ పెట్టండి. బొమ్మ వస్తే తప్పు పాతదానిదే.
7. అప్పటికీ రాకపోతే అదే మానిటర్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించండి. అక్కడ వస్తే తప్పు మొదటి కంప్యూటర్‌ది. అక్కడా రాకపోతే మానిటర్‌లో మరో ఇన్‌పుట్ ఉందేమో ప్రయత్నించండి. దాంట్లో వస్తే మొదటి ఇన్‌పుట్ ఒక్కటే చెడింది.

‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వస్తే సంకేతం చేరుతోంది, కానీ ఆ రిజల్యూషన్‌ను మానిటర్ చూపలేదు. సేఫ్ మోడ్‌లో తెరిచి రిజల్యూషన్ తగ్గిస్తే సరిపోతుంది. అక్షరాలే లేక తెర పూర్తిగా చీకటైతే, టార్చి వేసి ఏటవాలుగా చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే పోయింది వెనుక దీపమే.

రెండు జాగ్రత్తలు

మానిటర్‌ను విప్పవద్దు. 230 వోల్టుల మెయిన్స్‌ను డీసీగా మార్చే కెపాసిటర్ల మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు ఆ ఛార్జి నిలిచి ఉండవచ్చు.

ఎర్త్ లేని సాకెట్ వాడవద్దు. ఎర్త్ లేనప్పుడు కంప్యూటర్ పెట్టె మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజి తేలవచ్చు. ముట్టుకుంటే జివ్వుమనేది అందుకే. ఆ స్థితిలో కేబుల్ తగిలిస్తే హెచ్‌డీఎంఐ సర్క్యూట్ కాలిపోయే ప్రమాదం ఉంది. అప్పటిదాకా కేబుల్ మారిస్తే తీరిపోయే లోపం నిజంగానే మానిటర్ మార్చేదాకా వస్తుంది. అందుకే వెతకడం మొదలుపెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ సరిచూపించుకోవడం మేలు.